ఈత రానివాళ్ళ డైవర్ వాచీలు: సీకోనా, ఓరియెంటా?

మా బావకీ నాకూ ఆస్తి తగాదాలేం లేవు. ఉన్నదల్లా వాచీ తగాదా. ఆయన డాలస్‌లో ఉంటాడు, నేను హైదరాబాదులో. ఇద్దరిదీ ఒకటే పని, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కీబోర్డు టకటకలాడించడం. ఇద్దరికీ ఈత అంతంతమాత్రమే. అయినా రెండు నెలలపాటు ఫోన్లలో కొట్టుకున్నది దేనికయ్యా అంటే, సముద్రంలో వంద మీటర్ల లోతుకి దిగే వాచీ చాలా, రెండొందల మీటర్లకి దిగేది కావాలా అని. అదీ తణుకులో ఉండే డెబ్భై ఏళ్ళ మా నాన్న కోసం!

నవ్వుకోండి, పర్లేదు. కానీ మీ ఆఫీసులో ఒకసారి చుట్టూ చూడండి. ఓ అంతస్తులో వందమంది ఉంటే కనీసం పది మంది చేతికి చుట్టూ తిరిగే చట్రం, లావుపాటి ముళ్ళు, పచ్చగా వెలిగే చుక్కలు ఉన్న వాచీ ఉంటుంది. డైవర్ వాచీ. సముద్రం అడుక్కి దిగి, ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో లెక్క చూసుకునేవాడికి తయారుచేసిన పనిముట్టు. మనం దాన్ని పెట్టుకుని హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద మోకాలి లోతు వాననీళ్ళలో దిగుతాం. అంతే మన డైవింగు.

అసలు గొడవ ఎలా మొదలైందో చెప్తాను. నాన్నకి డిసెంబరులో కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. తర్వాత రోజూ చుక్కల మందులు. ఒక మందు వేశాక ఇంకోటి వెయ్యడానికి మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. సరిగ్గా ఆ నెల్లోనే ఆయన హెచ్ఎంటీ కాంచన్ ఆగిపోయింది. అది మా తాతగారు పెళ్ళిలో పెట్టిన వాచీ. మా వైపు పెళ్ళిళ్ళలో ఆ రోజుల్లో కాంచన్ అంటే మామూలు సంగతి కాదు, కీ ఇవ్వక్కర్లేని ఆటోమేటిక్ వాచీ, తేదీ వారం రెండూ చూపించేది. అల్లుడు అలకపాన్పు దిగాలంటే కాంచన్ అన్నా ఉండాలి, సైకిలన్నా ఉండాలి. మా నాన్న రెండూ పుచ్చుకున్నాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

"ఫోన్లో టైమర్ పెట్టుకోండి నాన్నా" అన్నాను. "ఫోన్ చూడాలంటే కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు పెట్టుకుంటే మందెలా వేసుకోనురా?" అన్నాడు. లెక్కల మాస్టారు, లాజిక్ తప్పడు. బ్యాటరీ వాచీ మాత్రం వద్దన్నాడు. "నలభై ఏళ్ళలో దీనికి ఒక్క సెల్లు వేశానా?" ఇదీ ఆయన షరతు. అంటే చీకట్లో కూడా కళ్ళజోడు లేకుండా కనపడే పెద్ద ముళ్ళు, నిమిషాలు గుర్తుపెట్టుకునే తిరుగుడు చట్రం, సెల్లు లేని యంత్రం. ఆలోచిస్తే ఇది అచ్చంగా డైవర్ వాచీయే కదా! నేనే కనిపెట్టానని మురిసిపోయి అక్కకి ఫోన్ చేశాను. పక్కనుంచి బావ విన్నాడు. అక్కడ మొదలు.

బావ మాట: సీకో 5 స్పోర్ట్స్, 2019లో వచ్చిన ఎస్సార్పీడీ వరస. నా మాట: ఓరియెంట్ కమాసు. రెండూ జపాన్ కంపెనీలవి, రెండూ ఆటోమేటిక్కే, ధరలు కూడా దగ్గర దగ్గర. మనలాంటి వాళ్ళు అప్పు చేయకుండా కొనుక్కోగలిగినవే. కంపెనీలు కూడా దాయాదులే. ఓరియెంట్ ఇప్పుడు ఎప్సన్ చేతిలో ఉంది, 2009లో పూర్తిగా కొనేసింది, 2017లో కలిపేసుకుంది. ఆ ఎప్సన్ పుట్టింది సీకో ఇంట్లోనే. కాబట్టి నేను ఒకరి శత్రువునీ కాను, ఒకరి ఏజెంటునీ కాను. సీకో మీద నాకు గౌరవమే. 1969 డిసెంబరు 25న ఆస్ట్రాన్ పేరుతో ప్రపంచంలో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మింది వాళ్ళే. పైగా సీకో మన తెలుగునేల మీద కూడా కాలు పెట్టింది. హైదరాబాద్ ఆల్విన్ వాచీలు గుర్తున్నాయా? సీకో వాళ్ళ సాంకేతిక సహకారంతో తయారైనవే అవి. ఇప్పుడు మియాపూర్ ఆల్విన్ చౌరస్తాలో రోజూ అరగంట ట్రాఫిక్కులో ఇరుక్కునే కుర్రాళ్ళకి ఆల్విన్ అంటే సిగ్నల్ పేరు. ఫ్రిజ్జులు, బస్సు బాడీలు, వాచీలు చేసిన కంపెనీ అని ఎంతమందికి తెలుసు? సరే, అదో వేరే ఏడుపు.

ఇక నా కోపం దేనిమీదో వినండి.

1996 నుంచి 2019 దాకా సీకో ఎస్కేఎక్స్007 అని ఒక వాచీ అమ్మింది. ఒకప్పుడు రెండొందల డాలర్ల లోపే దొరికేది. డబ్బులు తక్కువున్నవాడి అసలు సిసలు డైవర్ వాచీ అది. డయల్ మీద "డైవర్స్ 200 మీటర్లు" అని రాసుండేది. అది ఊరికే రాసుకునే మాట కాదు. ఐఎస్ఓ 6425 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. అది పాటించాలంటే చెప్పిన లోతుకి పాతిక శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్ష చెయ్యాలి, చీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనపడాలి, దెబ్బకీ అయస్కాంతానికీ తట్టుకోవాలి, ఇంకా చాలా ఉన్నాయి. అందులో లోపాలు లేవని కాదు. లోపలి 7ఎస్26 మిషనుకి చేత్తో కీ ఇవ్వడానికి కుదరదు, టైము సరిచేసేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు. మొరటు మనిషి. కానీ చెప్పిన పని చేసేది.

దాన్ని ఆపేసిన ఏడాదే ఎస్సార్పీడీ వచ్చింది. అదే మొహం, అదే నాలుగు గంటల దగ్గర కీ, అవే ముళ్ళు కాస్త అటూఇటూ. పక్కపక్కన పెడితే కవల పిల్లలనుకుంటారు. కానీ రెండొందల మీటర్లు వందయ్యాయి. మరలాగా తిప్పి బిగించే కీ పోయి, మామూలుగా నొక్కితే లోపలికి పోయే కీ వచ్చింది. ఐఎస్ఓ పోయింది. వెనక మూతకి అద్దం పెట్టి లోపలి చక్రాలు కనపడేలా చేశారు. మిషను మాత్రం మెరుగైంది, 4ఆర్36 అని, కీ ఇవ్వొచ్చు, సెకన్ల ముల్లు ఆగుతుంది. ధర తగ్గిందా అంటే, ఎస్కేఎక్స్ మంచి రోజుల్లో దొరికిన ధర కంటే ఎక్కువే.

మన భాషలో చెప్పాలంటే, పాత వెర్షన్లో ఉన్న సెక్యూరిటీ మాడ్యూల్ పీకేసి, స్క్రీన్ అలాగే ఉంచి, లైసెన్సు ఫీజు పెంచడం. మన క్లయింటుకి మనం ఇలా చేస్తే ఊరుకుంటాడా?

బావ దీనికి వెంటనే అన్నాడు, "వాళ్ళు దాన్ని డైవర్ అనలేదురా, స్పోర్ట్స్ అన్నారు, పేరులోనే ఉంది." నిజమే. అబద్ధం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మా చిన్నప్పుడు తణుకులో పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. పోలీసు వేషం వేసుకుని వీధిలోకొస్తే పిల్లలం హడలిపోయేవాళ్ళం. కానీ ఆఖరి రోజున ఆయనే గుమ్మం ముందు నిలబడి, వేషమండీ బాబూ, తోచింది ఇప్పించండి అనేవాడు. అది మర్యాద. సీకో కూడా అబద్ధమాడలేదు, కానీ ఆ గుమ్మం ముందు మాట మాత్రం చిన్నక్షరాల్లో రాసింది. కొనేవాడు డైవర్ వాచీ అనుకునే కొంటున్నాడు. మా ఆఫీసులో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ "డైవర్" అనే అన్నారు. ఒకడైతే రెండొందల మీటర్లు అని పందెం కూడా కాశాడు. వెనక్కి తిప్పి చూపించాక కాఫీ తాగించాడు.

ఓరియెంట్ కమాసు సంగతి చూడండి. కమాసు అంటే జపాన్ భాషలో బర్రకూడా చేప. రెండొందల మీటర్లు, మరతో బిగించే కీ, గీతలు పడని సఫైర్ అద్దం, ఎఫ్6922 మిషను, కీ ఇవ్వొచ్చు, సెకన్ల ముల్లు ఆగుతుంది. సీకోకి ఉన్నది హార్డ్‌లెక్స్ అనే గట్టి మినరల్ అద్దం. అద్దం తేడా చిన్న విషయం అనుకోకండి. గోదావరి ఇసకలో ఉండేది క్వార్ట్జ్, దాని కాఠిన్యం 7. మినరల్ అద్దం దాని కంటే మెత్తన, సఫైర్ 9. అంటే ఇసక చేత్తో తుడిచినా చాలు, ఒకదాని మీద గీతలు పడతాయి, ఇంకోదాని మీద పడవు. శుక్లాల ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ గీతలు పడ్డ అద్దంలోంచి చూడ్డం ఎందుకు? ఈ పాయింటు దగ్గర బావ ఐదు సెకన్లు మాట్లాడలేదు. తర్వాత "సఫైర్ కింద పడితే పగులుతుంది" అన్నాడు. అదీ నిజమే, గట్టిది పెళుసుగా కూడా ఉంటుంది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఓరియెంట్ కూడా ఐఎస్ఓ డైవర్ కాదు. డయల్ మీద "వాటర్ రెసిస్ట్ 200 మీటర్లు" అని ఉంటుంది, "డైవర్స్" అనే మాట ఉండదు. ఇదీ వేషమే. కాకపోతే పోలీసు వేషం వేసినవాడు కనీసం లాఠీ అయినా నిజంది తెచ్చుకున్నాడు.

"వంద మీటర్లు చాలదట్రా? తణుకు కాలవ ఎంత లోతు?" అని బావ మూడో ప్రశ్న. అందరూ అడిగేది ఇదే. చాలు, లోతుకి చాలు. 10 బార్ ఒత్తిడి తట్టుకునే వాచీతో కాలవలో ఈదినా, బావిలో దూకినా ఏం కాదు, అన్నీ సరిగ్గా మూసి ఉంటే. ఆ ఆఖరి మాట దగ్గరే అసలు పేచీ. పదేళ్ళ కింద నా దగ్గర ఒక వాచీ ఉండేది, పేరెందుకు లెండి, వెనక వంద మీటర్లు అనే రాసుండేది. నెలకి ముప్పై రోజులే ఉండడంతో ఒకటో తారీకు పొద్దున్న తేదీ సరిచెయ్యడానికి కీ బయటికి లాగాను. ఈలోపు ఎవరో పిలిచారు. అలాగే వెళ్ళి గోస్తనీ కాలవ రేవులో దిగాను. దాళ్వాకి నీళ్ళు వదిలిన రోజులు, గొంతు లోతు కూడా లేదు. పైకొచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టేసింది. అమ్మ దాన్ని రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టింది. బియ్యం బాగున్నాయి, వాచీ బతకలేదు. తప్పు నూటికి నూరుపాళ్ళు నాదే. కానీ మరకీ అయితే ఇలా మర్చిపోవడం కష్టం. విప్పితే చాలు బయటికి పొడుచుకొస్తుంది, చేతికి గుచ్చుకుంటూ నన్ను బిగించు బిగించు అంటుంది. రెండొందల మీటర్లు కావాలనేది లోతు కోసం కాదు, మన మతిమరుపు కోసం. ప్రోగ్రాములు రాసే మనకి ఈ తేడా తెలియాలి. యూజరు తప్పు చెయ్యడు అనుకుని రాసిన కోడ్ ఎలా ఉంటుందో మనకి తెలియదా?

చివరికి అక్క విసుగెత్తి "ఇద్దరూ కొనండి, నాన్నే చూసుకుంటాడు" అంది. బావ అక్కణ్ణించి సీకో పంపాడు, నేను ఇక్కడ ఓరియెంట్ కొన్నాను. సంక్రాంతికి రెండూ తణుకు చేరాయి.

నాన్న ఏం చేశాడో చెప్తే నమ్మరు. పాత డైరీ తీసి గళ్ళు గీశాడు. రోజూ పొద్దున్న ఏడింటికి ఫోన్ టైముతో సరిచూసి, ఎన్ని సెకన్లు ముందు, ఎన్ని సెకన్లు వెనక అని రాయడం. ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి. ఊళ్ళోవాళ్ళు "ఏటండీ మాస్టారూ, రెండు వాచీలు పెట్టారు?" అంటే, "ఒకటి ఇండియా టైము, ఒకటి అమెరికా టైమండి" అనేవాడు. పద్నాలుగు రోజుల లెక్క తేలింది: సీకో రోజుకి సగటున 11 సెకన్లు ముందు, ఓరియెంట్ 6 సెకన్లు వెనక. కంపెనీ హామీ చూస్తే సీకోది రోజుకి 45 ముందు నుంచి 35 వెనక దాకా, ఓరియెంట్‌ది 25 ముందు నుంచి 15 వెనక దాకా. రెండూ హామీలోపలే, బాగానే నడిచాయి. అయినా ఆ రెండు పీసులు చూసి కంపెనీల మీద తీర్పు చెప్పకూడదు, ఒక్కో వాచీది ఒక్కో జాతకం.

ఇక్కడ మనవాళ్ళలో కొందరు "నూట యాభై రూపాయల క్వార్ట్జ్ వాచీ కంటే ఇది తప్పు టైము చూపిస్తుంది కదా" అని ఎద్దేవా చేస్తారు. నిజమే. క్వార్ట్జ్ రాయి సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. అంటే రెండుని పదిహేనుసార్లు హెచ్చవెయ్యడం, మనకి బాగా తెలిసిన అంకె. ఈ రెండు వాచీల్లోనూ మిషను సెకనుకి ఆరు సార్లు టిక్కుమంటుంది, అంతే. కానీ ఇలా చూడండి. రోజుకి 86,400 సెకన్లు. మనం క్లయింటుకి గొప్పగా ఇచ్చే మూడు తొమ్మిదుల హామీ, అదే 99.9 శాతం, రోజుకి 86 సెకన్లు తప్పు ఒప్పుకుంటుంది. ఒక స్ప్రింగు, కొన్ని చక్రాలు, కరెంటు లేదు, సర్వర్ లేదు, చెయ్యి ఊపితే నడిచే మిషను దానికంటే మెరుగ్గా ఉంది. 6 సెకన్ల ఓరియెంట్ అయితే నాలుగు తొమ్మిదులు! మన ప్రొడక్షన్ సిస్టమ్ ఎన్ని తొమ్మిదులు నడుస్తోందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి :)

నరేంద్ర సెంటర్ వైపు వాచీలు బాగుచేసే బాబాయి ఒకాయన ఉన్నాడు. కాంచన్ చూపించడానికి వెళ్ళినప్పుడు ఈ రెండూ కూడా ముందు పెట్టాను, నా వైపు సాక్ష్యం చెప్తాడని. కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అద్దం, లోతు, అవన్నీ మీ చదువుకున్నోళ్ళ గొడవండి బాబూ. పాడైతే లోపల మిషను దొరుకుద్దా లేదా, అదండి నాక్కావాల్సింది" అన్నాడు. సీకో చూపించి, "దీని తమ్ముడు మిషను, ఎన్‌హెచ్36, అది బయట కంపెనీలకీ అమ్ముతారు కాబట్టి ఎక్కడైనా దొరుకుద్ది. మొత్తం మిషనే మార్చేస్తాను, గంట పని. ఓరియెంట్‌ది వాళ్ళ దగ్గర్నించే రావాలండి." సాక్షి ఎదురు తిరిగాడు. నాకు బదులు చెప్పడానికి ఏం దొరకలేదు. సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎందుకు గొప్పదో ఇరవై ఏళ్ళుగా అందరికీ లెక్చర్లు ఇచ్చినవాణ్ణి, వాచీ దగ్గరికొచ్చేసరికి ఆ కోణమే మర్చిపోయాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నాన్న రిటైరయ్యాక ఎక్కువ తిరగడు. పొద్దున్న పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అరుగు. ఆటోమేటిక్ వాచీ నిండా ఎక్కితే నలభై గంటలు నడుస్తుంది, కానీ నిండాలంటే చెయ్యి ఊపాలి కదా. పరీక్ష అయిపోయి ఒక్కోటి విడివిడిగా పెట్టుకోవడం మొదలుపెట్టాక రెండూ ఆగడం మొదలైంది. (కుర్చీలో కూర్చునే మనకీ ఇదే జరుగుతుంది, సోమవారం పొద్దున్న మీ వాచీ ఆగిపోయి ఉంటే అది వాచీ తప్పు కాదు.) ఆగినప్పుడల్లా టైము సరిచెయ్యాలి, కీ ఇవ్వాలి. సీకో అయితే అలా లాగి, తిప్పి, నొక్కేస్తే సరి. ఓరియెంట్ అయితే మర విప్పాలి, సరిచెయ్యాలి, నొక్కిపెట్టి మళ్ళీ మర ఎక్కించాలి. నాన్నకి బొటనవేలి కీళ్ళు పట్టేస్తాయి. రెండుసార్లు మర సరిగ్గా పడలేదు. బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుందని నేనే భయపెట్టాను కూడా. మూడోసారి అమ్మని పిలిచి బిగించమన్నాడు. అమ్మ, "నలభై ఏళ్ళ కింద మా నాన్న పెట్టిన వాచీకి ఈ బాధ లేదు" అంది.

రాత్రి పూట వెలుగు కూడా సీకోదే ఎక్కువసేపు నిలిచింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచినా నాన్నకి ముళ్ళు కనపడ్డాయట. చుక్కలు వేసుకునేటప్పుడు చట్రంలోని త్రికోణం గుర్తుని నిమిషాల ముల్లు దగ్గరకి తిప్పి, ముల్లు ఒక గీత దాటగానే రెండో మందు. కళ్ళజోడు అక్కర్లేదు. ఈ పని రెండు వాచీలూ సమానంగా చేశాయి. తణుకులో డైవర్ వాచీకి నేను చూసిన నిజమైన ఉపయోగం ఇదొక్కటే. చట్రం ఒకవైపే ఎందుకు తిరుగుతుందని కూడా అడిగాడు. పొరపాటున దేనికో తగిలి జరిగినా గడిచిన టైము ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు, కాబట్టి మునిగినవాడు ముందే పైకొస్తాడు అని చెప్పాను. "తప్పు చేసినా ప్రాణం దక్కే వైపే చెయ్యాలన్నమాట. లెక్క బాగుంది" అన్నాడు.

సీకో నాన్న చేతికే ఉండిపోయింది. బావకి ఆ సంగతి అక్క ఫోటో తీసి మరీ పంపింది. "ఒరేయ్ బావమరిదీ" అని ఒక్క ముక్క రాశాడు, పక్కన పది నవ్వు బొమ్మలు.

అయినా నా వాదన నేను వెనక్కి తీసుకోను. మా నాన్నకి వంద మీటర్ల వాచీ సరిపోయింది, సుఖంగా ఉంది. అంతమాత్రాన రెండొందల మీటర్ల మొహం పెట్టుకుని వంద మీటర్లు అమ్మడం ఒప్పయిపోదు. పాతికవేలకి అటూఇటూగా డైవర్ లాంటి వాచీ కొనాలనుకునే ముప్పై ఏళ్ళ కుర్రాడు, వేళ్ళు గట్టిగా ఉన్నవాడు, ఈతకో బీచికో వెళ్ళేవాడు నన్నడిగితే ఇవాళ కూడా ఓరియెంటే కొనమంటాను. ఊళ్ళో రిపేరు ముఖ్యం అనుకుంటే, మర బిగించే ఓపిక లేకపోతే, సీకో కొనండి, కానీ ఏం కొంటున్నారో తెలిసి కొనండి. వెనక్కి తిప్పి చదవండి, అంతకంటే నేనేం అడగటం లేదు. బావ దీనికి కూడా ఏదో జవాబు రాస్తాడు, నాకు తెలుసు.

ఓరియెంట్ ఇప్పుడు నా చేతికి ఉంది. కాంచన్ ఇంకా రిపేరు బాబాయి దగ్గరే ఉంది. హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మూసెయ్యాలని 2016లోనే నిర్ణయమైపోయింది, కాబట్టి పాత వాచీ ఏదైనా విప్పితేనే ముక్క దొరకాలట. బెంగుళూరు వెళ్ళే ఎవరికైనా చెప్పి చూస్తానన్నాడు.